నెల ఫీజు వెనుక అసలు ఖర్చు
పిల్లల కరాటే, తైక్వాండో శిక్షణకు ఇంటి లెక్క వేసుకునే పద్ధతి

కరాటే, తైక్వాండో, జూడో వంటి యుద్ధ విద్యలలో పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు మాస్టారిని మొట్టమొదట అడిగేది నెలకు ఫీజు ఎంత అని. చాలా ఇళ్లలో చివరిగా అడిగేది కూడా అదే. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు నిజాయితీగానే ఉండవచ్చు గాని, డ్రెస్సు, బెల్టు టెస్టులు, రక్షణ సామగ్రి, పోటీల ప్రవేశ రుసుము, ప్రయాణాలు, సంఘ సభ్యత్వం, పెద్దలు వెచ్చించే సమయం అనేవి ఒక్కో నెలలో ఒక్కొక్కటిగా ఎదురవుతాయి కనుక, ఏడాది మొత్తానికి కుటుంబం మీద పడే భారం ఎంతన్నది అందులో ఎక్కడా కనిపించదు.

కృష్ణా డెల్టా దిగువన ఉన్న మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో ఈ లెక్కకు ప్రత్యేకమైన అవసరం ఉంది. ఇక్కడ నెల జీతాల కుటుంబాలతో పాటు వరి సాగు, చేపల వేట, రొయ్యల చెరువులు, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పని, పెడన కలంకారీ వంటి వాటి మీద బతికే కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వీరికి ఆదాయం ఏడాది పొడవునా ఒకే తీరుగా రాదు. అనుకోని ఖర్చు చేతిలో డబ్బు లేని నెలలో వచ్చి పడినప్పుడు మొదట ఆగిపోయేది పిల్లల శిక్షణే. ఆకుపచ్చ బెల్టు దాకా వచ్చి ఆగిపోయిన పదేళ్ల పిల్లవాడు దానిని ఇంటి డబ్బు ఇబ్బందిగా అర్థం చేసుకోలేడు. తనకు చేతకాలేదనే అనుకుంటాడు. దాగి ఉన్న ఖర్చుకు చివరి మూల్యం ఈ విధంగా బిడ్డ చెల్లిస్తుంది. ముందుగా లెక్క వేసుకున్న కుటుంబమే బిడ్డను ఎక్కువ కాలం శిక్షణలో నిలపగలదు గనుక, ఆ లెక్క వేసే పద్ధతిని ఈ అధ్యాయం వివరిస్తుంది.

బెల్టుల వరుస

యుద్ధ విద్యలలో అభ్యాసకుల స్థాయిని నడుముకు కట్టుకునే బెల్టు రంగుతో గుర్తిస్తారు. కరాటేలో నల్ల బెల్టుకు ముందున్న స్థాయిలను క్యూ అనీ, నల్ల బెల్టు నుంచి పైకి సాగే స్థాయిలను డాన్ అనీ అంటారు. ఈ ఏర్పాటు అతి ప్రాచీనమైనదన్న భావన ప్రచారంలో ఉన్నా, దాని చరిత్ర నూట యాభై ఏళ్లకు మించదు. 1882లో జపాన్‌లో కోడోకాన్ అనే జూడో పాఠశాలను స్థాపించిన జిగోరో కానో డాన్ స్థాయిలను, నల్ల బెల్టును ప్రవేశపెట్టాడు. 1924లో గిచిన్ ఫునాకోషి ఆ పద్ధతిని కరాటేలోకి తెచ్చి తన శిష్యులకు తొలి నల్ల బెల్టులు ఇచ్చాడు. వరుస రంగుల బెల్టులు 1930ల్లో పారిస్‌లో జూడో నేర్పిన మికినోసుకే కవైషి ద్వారా ప్రాచుర్యం పొందాయి. ఎన్ని రంగులు ఉండాలి, ఒక రంగుకూ మరో రంగుకూ మధ్య ఎన్ని నెలలు గడవాలి అన్నవి ప్రతి సంస్థా తన అవసరాన్ని బట్టి ఏర్పరచుకున్న నియమాలే కనుక, వాటిని గురించి మాస్టారిని వివరంగా అడగడం ఆ విద్యను అగౌరవపరచడం కాదు.

చిన్నపిల్లలకు దూరంగా ఉన్న లక్ష్యం కంటే దగ్గరలో ఉన్న మెట్టు ఎక్కువ ఉత్సాహాన్ని ఇస్తుంది కాబట్టి, రంగుల బెల్టులకు బోధనలో నిజమైన ప్రయోజనం ఉంది. అయితే ప్రతి టెస్టుకూ విడిగా రుసుము ఉంటుంది. అందులో పరీక్షకుడి రాకపోకలు, సర్టిఫికెట్టు, కొత్త బెల్టు, పై సంఘానికి పంపవలసిన వాటా కలిసి ఉండవచ్చు. నెల ఫీజు ఒకటే అయినప్పటికీ మూడు నెలలకొకసారి టెస్టు పెట్టే చోట ఏడాదికి నాలుగు రుసుములు, ఆరు నెలలకొకసారి పెట్టే చోట రెండు రుసుములు చెల్లించాలి. స్థాయి పెరిగే కొద్దీ రుసుము కూడా పెరగడం సాధారణం. నల్ల బెల్టు దగ్గర బయటి పరీక్షకులు, రాష్ట్ర లేదా జాతీయ సంస్థ సర్టిఫికెట్టు అవసరమవుతాయి కనుక అక్కడ ఖర్చు ఒక్కసారిగా ఎగబాకుతుంది. తైక్వాండోలో నల్ల బెల్టు ధ్రువపత్రాన్ని 1972లో సియోల్‌లో ఏర్పడిన కుక్కివోన్ అనే సంస్థ జారీ చేస్తుంది. పదిహేనేళ్లు నిండని పిల్లలకు డాన్‌కు బదులుగా పూమ్ అనే స్థాయిని ఇస్తుంది. ఆ ధ్రువపత్రానికి అయ్యే రుసుము స్థానిక టెస్టు ఫీజులో కలిసి ఉందో లేదో ముందే తెలుసుకోవాలి.

తల్లిదండ్రులు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. ఏ బ్యాచిలోనూ ఏ ఒక్కరినీ ఇంకొంత సాధన చేసి రమ్మని చెప్పని టెస్టు, పిల్లల నైపుణ్యాన్ని కొలుస్తున్నదా లేక రుసుము వసూలుకు సందర్భంగా మారిందా అన్న సందేహానికి తావిస్తుంది. బిడ్డ ఇంకా సిద్ధంగా లేదని తోచినప్పుడు, లేదా ఆ నెలలో డబ్బు ఇబ్బందిగా ఉన్నప్పుడు, ఈసారి టెస్టు వద్దని చెప్పే హక్కు కుటుంబానికి ఉంది. మంచి శిక్షకుడు అందుకు అంగీకరించడమే కాక, ఆ బిడ్డను తరగతిలో చిన్నబుచ్చకుండా చూసుకుంటాడు.

పోటీలు, పతకాలు, సర్టిఫికెట్లు

కరాటే పోటీలలో ప్రధానంగా రెండు విభాగాలు ఉంటాయి. ఊహించుకున్న ప్రత్యర్థితో పోరాడుతున్నట్లుగా నిర్దిష్టమైన కదలికలను వరుసగా ప్రదర్శించడం కటా. ఎదురుగా ఉన్న ప్రత్యర్థితో నియమాలకు లోబడి తలపడడం కుమితే. చాలా ఓపెన్ పోటీలలో ఈ రెండింటికీ వేర్వేరుగా ప్రవేశ రుసుము తీసుకుంటారు. పోటీ విజయవాడలోనో హైదరాబాద్‌లోనో జరిగితే పిల్లవాడితో పాటు కనీసం ఒక పెద్దవారు వెళ్లాలి; రానుపోను చార్జీలు, భోజనం, అవసరమైతే రాత్రి బస, పనికి వెళ్లని రోజు కూలి అన్నీ కలిస్తే ప్రవేశ రుసుము ఆ మొత్తంలో ఒక భాగం మాత్రమే అవుతుంది. అంతర్జాతీయం అన్న మాట కరపత్రం మీద ఉన్నంత మాత్రాన ఆ పోటీకి అంతర్జాతీయ గుర్తింపు ఉన్నట్లు కాదు.

ఇక్కడే చాలా కుటుంబాలు ఒక ఆశతో ఖర్చు పెడతాయి. ఈ సర్టిఫికెట్లు రేపు కాలేజీ సీటుకో ఉద్యోగానికో అక్కరకు వస్తాయన్నది ఆ ఆశ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024–29 క్రీడా విధానంలో భాగంగా ఉద్యోగాలలో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచిన మాట వాస్తవమే గాని, ఏ క్రీడలు, ఏ స్థాయి పోటీలు, ఏ సంఘాలు ఇచ్చిన సర్టిఫికెట్లు అర్హమైనవన్నది ప్రభుత్వ ఉత్తర్వులు నిర్దేశిస్తాయి. బెల్టు సర్టిఫికెట్టు అభ్యాసకుడి స్థాయిని తెలిపేది. పోటీ సర్టిఫికెట్టు క్రీడాకారుడి విజయాన్ని తెలిపేది. క్రీడా కోటాలో పరిశీలనకు వచ్చేది రెండవది. ప్రైవేటు రికార్డు పుస్తకాల పేరుతో జరిగే సామూహిక ప్రదర్శనల పత్రాలను ఈ రెండింటితోనూ కలపకూడదు.

గుర్తింపు అన్నది స్థిరంగా ఉండే విషయం కూడా కాదు. ప్రపంచ కరాటే సమాఖ్య 2020లో భారత కరాటే సంఘం గుర్తింపును ఉపసంహరించుకోవడం అందుకు నిదర్శనం. ఒలింపిక్స్ విషయానికి వస్తే, తైక్వాండో 2000 సిడ్నీ క్రీడల నుంచి పతక క్రీడగా కొనసాగుతుండగా, కరాటే 2021లో జరిగిన టోక్యో క్రీడలలో ఒక్కసారి మాత్రమే చోటు దక్కించుకుని 2024 పారిస్ క్రీడలలో లేకుండా పోయింది. అందువల్ల క్రీడాకారుడిగా ఎదగాలన్న లక్ష్యం ఉన్న కుటుంబం, 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడా సమాఖ్య పరిధిలో 14, 17, 19 ఏళ్లలోపు విభాగాలకు జరిగే పాఠశాల క్రీడల ఎంపికలను మొదట తెలుసుకోవాలి. ఆ వివరాలు బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడి దగ్గర, ఏ సంఘానికి ప్రస్తుతం గుర్తింపు ఉందన్న సమాచారం జిల్లా కేంద్రమైన మచిలీపట్నంలోని జిల్లా క్రీడాభివృద్ధి అధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. ఆరోగ్యం, ధైర్యం, క్రమశిక్షణ మాత్రమే లక్ష్యమైన కుటుంబానికి ఈ పోటీలలో చాలావరకు అవసరమే ఉండదు.

దూరం, సమయం, రుతువు

మచిలీపట్నం, గుడివాడ పట్టణాలలో ఉన్నవారికి శిక్షణ స్థలం ఇంటికి దగ్గరలో దొరకవచ్చు గాని, కోడూరు, నాగాయలంక మండలాల గ్రామాల నుంచి అవనిగడ్డకో చల్లపల్లికో బిడ్డను తీసుకుపోయే కుటుంబానికి దూరమే పెద్ద ఖర్చు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం వల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో తల్లికీ కూతురికీ చార్జీ లేకుండా పోయింది. ఆడపిల్లల శిక్షణకు ఇది గట్టి ఆసరా. అయినా సాయంత్రం తరగతి ముగిసే వేళకు తిరుగు బస్సు ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. బస్సు లేని రోజున మాట్లాడుకునే ఆటో కిరాయి కూడా లెక్కలో చేరాలి.

తరగతి జరుగుతున్నంతసేపూ బయట కూర్చుని ఎదురుచూసే తల్లి సమయాన్ని ఎవరూ ఖర్చుగా పరిగణించరు. ఇంట్లో కూర్చుని రోల్డ్‌గోల్డ్ పని చేసే స్త్రీకి, చేసిన పనిని బట్టి కూలి వస్తుంది కనుక, ఎదురుచూసిన ప్రతి గంటా తగ్గిన సంపాదనే. నలుగురు తల్లిదండ్రులు వంతులవారీగా పిల్లలను తీసుకువెళ్లే ఏర్పాటు చేసుకుంటే ఈ ఖర్చు నాలుగో వంతుకు తగ్గుతుంది.

ఖర్చు వచ్చే నెల, ఆదాయం వచ్చే నెల ఒకటి కావు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో మరబోట్ల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. వేసవి శిక్షణ శిబిరాలు జరిగేది కూడా ఆ రోజులలోనే. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు ఒక్కసారిగా మీద పడతాయి. సార్వా వరి డబ్బు చేతికి వచ్చేది కోతలు, నూర్పిళ్లు అయిన తరువాతే. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ వంటి తుపాను వచ్చినప్పుడు తరగతులు సాగవు. జరగని తరగతులకు ఫీజు సర్దుబాటు ఉంటుందా అన్నది చేరేనాడే మాట్లాడుకోవలసిన సంగతి. రైతు కుటుంబం, వేట మీద ఆధారపడిన కుటుంబం తమకు డబ్బు ఆడే నెలలలో రెండు మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టి, ఇబ్బంది నెలలలో ఊరట పొందే ఏర్పాటును శిక్షకుడితో ముందే కుదుర్చుకోవచ్చు.

ఒక ఏడాది లెక్క

లెక్క వేసే తీరు తెలియడానికి ఒక ఉదాహరణను ఊహించుకోవచ్చు. ఇందులోని అంకెలు పద్ధతిని చూపడానికి తీసుకున్నవే కాబట్టి, ప్రతి కుటుంబం తన ఊరి ధరలను వాటి స్థానంలో వేసుకోవాలి.

నెల ఫీజు రూ. 600 చొప్పున 12 నెలలకు: రూ. 7,200
డ్రెస్సు: రూ. 1,200
బెల్టు టెస్టులు మూడు, ఒక్కొక్కటి రూ. 700 చొప్పున: రూ. 2,100
గ్లవ్స్, షిన్ గార్డులు, మౌత్ గార్డు: రూ. 2,500
సంఘ సభ్యత్వం: రూ. 500
పోటీలు రెండు, ప్రవేశ రుసుము రూ. 1,000 చొప్పున: రూ. 2,000
ఆ పోటీలకు ఇద్దరి ప్రయాణం, భోజనం రూ. 1,800 చొప్పున: రూ. 3,600
నెలకు 12 తరగతులకు పెట్రోలు, రోజుకు రూ. 20 చొప్పున 12 నెలలకు: రూ. 2,880
మొత్తం: రూ. 21,980

నెలకు రూ. 600 అని విన్న కుటుంబం ఏడాదికి రూ. 7,200 అవుతుందని అనుకుంటుంది. అసలు ఖర్చు దానికి మూడు రెట్లు దాటింది. దీనికి తోడు 144 తరగతులకు రానుపోను, ఎదురుచూపుతో కలిపి రోజుకు గంటన్నర చొప్పున వేసుకుంటే పెద్దవారి సమయం 216 గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటల పనిదినాలు 27 అవుతాయి. ఇదే పట్టికలో పోటీలను రెండు నుంచి సున్నాకు తగ్గిస్తే రూ. 5,600, మూడు టెస్టులను రెండుకు తగ్గిస్తే మరో రూ. 700 మిగులుతాయి. ఏ ఖర్చు శిక్షణకు ప్రాణం, ఏది లేకపోయినా శిక్షణ సాగుతుంది అన్న తేడా ఇలా కాగితం మీద పెట్టినప్పుడే స్పష్టమవుతుంది. పిల్లలు ఎదుగుతారు కనుక డ్రెస్సు, గార్డుల ఖర్చు ఒక్కసారితో తీరదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పెద్ద పిల్లలకు పొట్టివైన డ్రెస్సులు చిన్నవారికి అందేలా శిక్షణ కేంద్రంలోనే ఏర్పాటు చేసుకోవడం అందరికీ మేలు.

శరీరం, మనసు, భద్రత

డబ్బుతో కొలవలేని ఖర్చులు మరికొన్ని ఉన్నాయి. బెణుకులు, దెబ్బలు ఏ ఆటలోనైనా సహజమే అయినా, తలకు తగిలే దెబ్బను సహజమని వదిలేయకూడదు. అమెరికా బాలల వైద్యుల సంఘం 2016లో పిల్లల యుద్ధ విద్యలపై వెలువరించిన నివేదిక, మెత్తని హెడ్‌గార్డు మెదడు అదురును నివారిస్తుందన్న నమ్మకం పెట్టుకోరాదని, తలపై దెబ్బలకు పాయింట్లు ఇచ్చే పద్ధతిని పిల్లల విషయంలో మానుకోవాలని సూచించింది. మెదడు అదురు అంటే తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడు పని తాత్కాలికంగా దెబ్బతినడం. తలనొప్పి, వాంతి, మగత, తికమక దాని లక్షణాలు. ఆ లక్షణాలు కనిపించిన బిడ్డను వెంటనే ఆటలోంచి తప్పించి, వైద్యుడికి చూపించి, ఆయన అనుమతి ఇచ్చిన తరువాతే తిరిగి తరగతికి పంపాలి. శిక్షణ స్థలంలో మ్యాట్లు ఉన్నాయా, ప్రథమ చికిత్స పెట్టె ఉందా, ఒక శిక్షకుడు ఎంతమంది పిల్లలను చూస్తున్నాడు అన్నవి చేరకముందే చూడవలసిన సంగతులు.

మనసు మీద పడే భారం అంత తేలికగా కనబడదు. తోటివారి బెల్టు రంగు మారి తనది మారని పిల్లవాడు, పోటీకి వెళ్లలేని పిల్ల తమను తక్కువగా అంచనా వేసుకోవచ్చు. ఒకే ఇంట్లో కొడుకును చేర్పించి, ఖర్చు భరించలేక కూతురిని ఆపేస్తే, ఆ నిర్ణయం ఆడపిల్లకు చెప్పే పాఠం ఏ శిక్షణా చెరిపేయలేనంత బలంగా నాటుకుంటుంది. ఇద్దరికీ సరిపోయే మార్గాన్ని వెతకడం, లేదా ఏడాదికొకరు చొప్పున వంతు పెట్టడం న్యాయంగా ఉంటుంది.

పిల్లల భద్రత విషయంలో మొహమాటానికి తావు లేదు. కదలికలు సరిదిద్దే క్రమంలో శిక్షకుడు పిల్లలను తాకవలసి వస్తుంది కనుక, తరగతి అందరికీ కనిపించేలా జరగాలి; తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూసే స్వేచ్ఛ ఉండాలి; బయటి ఊరి పోటీలకు ఆడపిల్లలు వెళ్లేటప్పుడు తోడుగా బాధ్యత గల స్త్రీ ఉండాలి. ఆ తోడు ప్రయాణ ఖర్చును పోటీ ఖర్చులో భాగంగానే లెక్కించాలి. అంత ఖర్చు పెట్టలేనప్పుడు పోటీని వదులుకోవాలి తప్ప తోడును వదులుకోకూడదు. లైంగిక వేధింపుల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012 నుంచి అమలులో ఉంది; ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు పనిచేస్తుంది. ఈ నంబరు బిడ్డకు కూడా తెలిసి ఉండాలి.

చేరే ముందు అడగవలసిన ప్రశ్నలు

కింది ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయించుకోవడం, లేదా ఫోన్‌లో సందేశంగా తీసుకోవడం ఉత్తమం.

1. ఏడాదికి ఎన్ని టెస్టులు ఉంటాయి, ఒక్కో స్థాయికి రుసుము ఎంత, ఉత్తీర్ణత పొందకపోతే మళ్లీ కట్టాలా?
2. నల్ల బెల్టు దాకా మొత్తం ఎన్ని టెస్టులు, కనీసం ఎన్నేళ్లు పడుతుంది?
3. పోటీలు తప్పనిసరా, వెళ్లని పిల్లలకు టెస్టులలో అడ్డంకి ఏమైనా ఉంటుందా?
4. డ్రెస్సు, గార్డులు కేంద్రంలోనే కొనాలా, బయట కొనవచ్చా?
5. సర్టిఫికెట్టు ఏ సంఘం పేరుతో వస్తుంది, ఆ సంఘానికి పైన గుర్తింపు ఎవరిది?
6. తుపాను, అనారోగ్యం, పరీక్షల వల్ల ఆగిన రోజులకు ఫీజు సంగతి ఏమిటి, మధ్యలో మానితే కట్టిన డబ్బులో ఎంత తిరిగి ఇస్తారు?

ఈ ప్రశ్నలను శిక్షకుడి మీద అనుమానంతో అడగనవసరం లేదు. అద్దె స్థలంలో కొద్దిమంది పిల్లలతో కేంద్రం నడిపే మాస్టారికి కూడా నెల ఫీజు ఒక్కటే చాలక టెస్టుల మీద ఆధారపడవలసి రావచ్చు. ఆ పరిస్థితిని దాచకుండా, నెల ఫీజును కొంత పెంచి టెస్టులను తగ్గించే శిక్షకుడు కుటుంబానికి ఎక్కువ మేలు చేస్తాడు; అటువంటి శిక్షకుడికి ఫీజు సకాలంలో చెల్లించడం తల్లిదండ్రుల బాధ్యత.

ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామన్నప్పుడు, మొదటి మూడు నెలలైనా నెలనెలా కట్టి, బిడ్డ ఆసక్తి నిలిచిందని తేలిన తరువాతే ఆలోచించాలి. మాట ఇచ్చిన సేవ అందనప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను సంప్రదించవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మచిలీపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ. 5 లక్షలు మించని ఫిర్యాదులకు రుసుము ఉండదు. రసీదులు దాచుకున్న కుటుంబానికే ఈ దారి ఉపయోగపడుతుంది.

తక్కువ ఖర్చు దారులు

డబ్బు పెట్టలేని కుటుంబానికి దారులు మూసుకుపోలేదు. సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు నుంచి పన్నెండు తరగతుల బాలికలకు ఆత్మరక్షణ నేర్పే రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ అనే కార్యక్రమం ఉంది. మూడు నెలల పాటు సాగే ఆ శిక్షణకు కుటుంబం ఏమీ చెల్లించనక్కరలేదు. అది తమ బడిలో ఎప్పుడు జరుగుతుందో ప్రధానోపాధ్యాయుడిని, పాఠశాల యాజమాన్య కమిటీని అడగవచ్చు. బడిలోని కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్ కూడా దేహదార్ఢ్యాన్నీ ధైర్యాన్నీ ఇస్తాయి. కర్రసాము నేర్పే పెద్దలు ఊళ్లో ఉంటే, పదిమంది పిల్లలను కూర్చి వారి దగ్గర నేర్పించడంలో ఖర్చు తక్కువ, మన విద్యను నిలబెట్టిన తృప్తి ఎక్కువ.

బిడ్డతో చెప్పవలసిన మాట

లెక్క పూర్తయ్యాక దానిని పెద్దలు తమ దగ్గరే ఉంచుకోకుండా, అర్థమయ్యే మాటలలో బిడ్డకు చెప్పాలి. రెండేళ్లు శిక్షణ ఇప్పిస్తామని, ఏడాదికి రెండు టెస్టులు, దగ్గరలో జరిగితే ఒక పోటీ అని, ఆపైన కొనసాగించాలా వద్దా అన్నది అప్పుడు కలిసి ఆలోచిద్దామని చేరకముందే చెబితే, తోటివారు హైదరాబాద్ పోటీకి వెళ్లిన రోజున ఆ బిడ్డ తనను ఎవరో ఆపేశారని అనుకోదు; తమ ఇంటి ప్రణాళిక ప్రకారం తాను సాధన చేస్తున్నానని అనుకుంటుంది. రెండేళ్ల తరువాత మానినా, అది ఓడి మానడం కాదు, అనుకున్నది పూర్తి చేసి మానడం. అందుకే ఫారం మీద సంతకం పెట్టే ముందు రోజు సాయంత్రం, పై పట్టికను సొంత అంకెలతో నింపి, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించడమే ప్రతి కుటుంబం వేయవలసిన మొదటి అడుగు.